కృష్ణమ్మ ఒప్పుకుంటేనే

ఆ ఆదివారం పొద్దున కురుమయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. వనపర్తి నుంచి సోమశిలకు పోవాలి, పడవెక్కాలి, ముక్కు విరిగిన ఆంజనేయస్వామిని కృష్ణలో కలపాలి, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇంటికి చేరాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

కొత్త ఇంటికి సామాన్లు సర్దుతుంటే ట్రంకుపెట్టె జారిపడి, భార్య సత్యమ్మ ఉప్పునుంతలలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న నల్లరాతి స్వామికి ముక్కు ఎగిరిపోయింది. భిన్నమైన విగ్రహం కొత్త ఇంట్లో అడుగుపెడితే తాను పెట్టనని కోడలు స్వరూప తేల్చేసింది. స్వామి లేని ఇంట్లో తాను పాలు పొంగించనని సత్యమ్మ అంతకంటే గట్టిగా తేల్చేసింది. గృహప్రవేశం గురువారమే. కొడుకు సతీష్ డ్యూటీ ఉందంటూ తెలివిగా తప్పుకున్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి ఎన్నో సీటు తగాదాలు తీర్చిన కురుమయ్యకు ఈ ఇద్దరినీ ఒక్క ఇంట్లోకి ఎక్కించడం మాత్రం చేతకాలేదు. చివరికి ఒక మాట వదిలాడు.

"కృష్ణమ్మ ఒప్పుకుంటే స్వామిని తన దగ్గర ఉంచుకుంటది. ఒప్పుకోకుంటే ఆయనే తిరిగొస్తడు. తిరిగొస్తే మాత్రం ఇగ ఎవ్వరు మాట్లాడొద్దు, మనింట్లనే ఉంటడు. సరేనా?"

అత్త సరేనంది, కోడలు సరేనంది. నీళ్లలో వేసిన రాయి తిరిగి రావడమేమిటని కురుమయ్య ఆ రాత్రి తన తెలివికి తానే మురిసిపోతూ పడుకున్నాడు.

కొల్లాపూర్ దాటి ఆటో పోతుంటే సత్యమ్మ స్వామిని ఎర్రగుడ్డలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్వరూపే మాట కలిపింది.

"నేను చిన్నగున్నప్పుడు మా గద్వాలింట్ల ఇత్తడి లక్ష్మమ్మకు చెయ్యి విరిగితే, మా అమ్మ ఈ సోమశిలకే తెచ్చి కలిపింది. నేను ఎంత ఏడ్చినా ఇనలే. పద్ధతంటే పద్ధతే గద అత్తమ్మా."

సత్యమ్మ మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

రేవులో చాంద్ పాషా మరపడవ అప్పటికే సగం నిండి ఉంది. నిండింది మామూలు మనుషులతో అయితే సర్దుకోవచ్చు. సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఒంటికి అతుక్కున్న నల్లబట్టలతో కుర్రపిల్లలు, వాళ్ల కాళ్లకు బాతు పాదాల్లాంటి చెప్పులు.

"ఇదేంది పాషా భాయ్? బోటు మాకే అన్నవ్ గద," అన్నాడు కురుమయ్య.

"పరేషాన్ గాకన్నా. రెండో బోటు ఇంజన్ పాడైంది. వీళ్లు స్కూబా అని, సిలిండర్ కట్టుకుని మునుగుడు నేర్చుకునేటోళ్లు. నీళ్లల్లకు పోతే జల్ది పైకి రారు. మీకేం అడ్డం?"

ఆ పిల్లలకు నేర్పే గజాలాతో కూడా చాంద్ పాషా ఇంత తేలిగ్గానే చెప్పాడు, ఈ కుటుంబం నీళ్లు చూడటానికి వస్తోందని. ఎవరికి చెప్పిందీ అబద్ధం కాదు. కాకపోతే ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

పడవ నది మధ్యకు పోయాక చాంద్ పాషా ఇంజన్ ఆపాడు. దేవుళ్లను కలిపేది ఇక్కడేనని, వాళ్ల నాయిన కాలం నుంచీ పడవ ఆపేది ఇక్కడేనని చెప్పి, తలమీద టోపీ సర్దుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. సత్యమ్మ పసుపు కుంకుమ చల్లి, మూటను కళ్లకద్దుకుని నీళ్లలోకి వదిలింది. కురుమయ్యకు గుండె మీది బరువు దిగినట్టయింది.

సరిగ్గా అప్పుడే పడవకు అటువైపున గజాలా పాఠం మొదలుపెట్టింది.

"ఎర్రగుడ్డ సుట్టిన ఇటుక ఒకటి కిందికి వేసిన. మునిగినోళ్లను వెతికేటప్పుడు గిట్లనే ఉంటది. నీళ్లు మబ్బుగున్నయ్, కండ్లను నమ్మొద్దు. చేతులతోని దేవులాడాలె."

పిల్లలు బుడుంగున దూకారు. కాసేపటికి విజయ్ అనే కుర్రాడు అందరికంటే ముందు తేలి, నోట్లోంచి గొట్టం తీసి, ఎర్రగుడ్డ మూటను పైకెత్తాడు.

"దొరికింది మేడం."

సత్యమ్మ రెండు చేతులూ చాచి మూట అందుకుంది. విప్పి చూస్తే ముక్కులేని స్వామి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "తిరిగొచ్చిండు," అంది మెల్లగా.

"మనిషి తెచ్చిండు అత్తమ్మా," అంది స్వరూప. "ఇది లెక్కకు రాదు."

"మరి రాతి స్వామి ఈతకొట్టుకుంట వస్తడా బిడ్డా? ఎవరి చేతికెక్కి రావాల్నో ఆయనకు తెల్వదా?"

ఇద్దరూ కురుమయ్య వైపు చూశారు. కురుమయ్య నీళ్ల వైపు చూశాడు. తర్వాత గజాలా దగ్గరికి పోయి, గొంతు తగ్గించి సంగతంతా చెప్పుకున్నాడు. ఆ పిల్ల పాపం బాగా నొచ్చుకుంది.

"మాకు తెల్వదంకుల్. మల్లొకసారి కలపండి, మావోళ్లు ముట్టరు." వెంటనే పిల్లలను దగ్గరికి పిలిచింది. "నల్లరాయి స్వామి తగిలితే ముట్టొద్దు. ఇటుక ఇంకా దొరకలే. మిగిలింది ఏది తగిలినా పైకి తెండి, ఇటుకనో కాదో నేను చూస్త."

మనిషి చెయ్యి పడి పద్ధతి తప్పింది కాబట్టి మళ్లీ కలపాలని సత్యమ్మను ఒప్పించేసరికి కురుమయ్య గొంతు ఆరిపోయింది. ఈసారి గుడ్డ లేకుండానే వదిలారు. కురుమయ్య కళ్లు మూసుకుని, ఎక్కడున్నవాడివి అక్కడే ఉండు స్వామీ అని మనసారా మొక్కుకున్నాడు.

స్వామి మాట విన్నాడు. పిల్లలు కూడా గురువు మాట తూచా తప్పకుండా విన్నారు. నల్లరాయిని ముట్టలేదు. విజయ్ తొండం లేని గణపతితో తేలాడు. వాని వెనకాల ఒకామె పగిలిన పటంతో, ఇంకొకడు నెమలి మాత్రమే మిగిలిన సుబ్రహ్మణ్యస్వామితో తేలారు. చాంద్ పాషా నాయిన కాలం నుంచి ఆ చోట కలిసిన దేవుళ్లందరూ ఒక్కొక్కరే పడవెక్కసాగారు. సిలిండర్లు జరిపి చోటు చేయాల్సి వచ్చింది.

"ఒక్కన్ని పంపితే ఇంతమందిని తోలిచ్చిండు," అంది సత్యమ్మ.

పక్కనుంచి పోతున్న ఇంకొక పడవలోని వాళ్లు ఇది చూసి చెప్పులు విడిచారు. వాళ్లలో ఒకాయన ఒడ్డుకు ఫోన్ చేసి, నదిలో దేవుళ్లు బయటపడుతున్నారని చెప్పాడు. కాసేపట్లో ఒడ్డు నుంచి కొబ్బరికాయలతో గుండ్రటి పుట్టి పడవలు బయలుదేరాయి. చాంద్ పాషా కురుమయ్య చెవి దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నా బోటు గుడైతుంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యాల్నా, గంట కట్టాల్నా?"

కురుమయ్య బదులు చెప్పేలోపే స్వరూప పిలిచింది.

"మామా."

ఆమె చేతిలో పిల్లలు అప్పుడే పైకి తెచ్చిన ఇత్తడి లక్ష్మి ఉంది. కుడిచేయి మోచేతి దాకా లేదు. స్వరూప కొంగుతో బురద తుడుస్తోంది, తుడిచిన చోటే కన్నీళ్లు పడుతున్నాయి.

"ఇది మా లక్ష్మమ్మనే."

కిందపడ్డ ఏ లక్ష్మికైనా విరిగేది ఆ చెయ్యే కదా అని కురుమయ్యకు అనిపించింది. కోడలి ముఖం చూసి ఆ ముక్క మింగేశాడు.

"ఇంటికి తీస్కపోత," అంది స్వరూప.

"చెయ్యి విరిగింది గద బిడ్డా," అంది సత్యమ్మ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"విరిగితే ఏమైతది అత్తమ్మా? మనిషికి చెయ్యి విరిగితే ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తమా?"

 సత్యమ్మ పడవలో నిదానంగా చతికిలబడింది. "మంచి మాటన్నవ్. మరి నా స్వామి ఏడి? ఆయనొచ్చేదాంక నేను దిగ."

స్వరూప పోయి అత్త పక్కనే కూర్చుంది. "అత్తమ్మ దిగకుంటే నేను దిగ."

ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టాలన్న కురుమయ్య కోరిక అట్లా నది మధ్యలో తీరింది. ఆయన మళ్లీ గజాలా దగ్గరికి పోయాడు.

"బేటీ, ఆ నల్లరాయి..."

"ముట్టొద్దన్నరు గద అంకుల్."

"ఇప్పుడు జర ముట్టాలె."

గజాలా ఆయనను ఎగాదిగా చూసింది. "అందరి సిలిండర్లు అయిపోవచ్చినయ్. నాకు, విజయ్‌కు కొంచెం గాలుంది. దొరకకుంటే మల్ల ఆదివారమే."

మళ్లీ ఆదివారమంటే గురువారం దాటిపోతుంది. ఇద్దరూ దిగారు. బుడగలు అటు పోయాయి, ఇటు పోయాయి. కురుమయ్య ఈసారి ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరికే చేతులు జోడించాడు. చాలాసేపటికి విజయ్ తేలి ఎర్రగుడ్డ మూట పైకెత్తాడు. అత్తాకోడళ్లు నాలుగు చేతులతో అందుకుని ఆత్రంగా విప్పారు. ఇటుక.

క్లాసు మొత్తం చప్పట్లు కొట్టింది. పొద్దటి నుంచి వాళ్లు వెతుకుతున్నది దానికోసమే. సత్యమ్మ ముఖం చిన్నబోయింది. స్వరూప ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు గజాలా తేలింది, రెండు చేతులతో నల్లరాతి స్వామిని ఛాతీకి ఆనించుకుని. సత్యమ్మ తడి రాతిని పసిపిల్లను తుడిచినట్టు తుడిచింది.

మిగతా దేవుళ్లందరికీ పసుపు కుంకుమలు పెట్టి మళ్లీ నీళ్లలో కలిపారు. స్కూబా పిల్లలు బాతు చెప్పులు విడిచి నిలబడ్డారు. కొబ్బరికాయల పుట్టీలు చేరేసరికి పడవ తిరుగుముఖం పట్టింది.

గురువారం అత్తాకోడళ్లు కలిసి పాలు పొంగించారు. భిన్నమైన విగ్రహాలు ఏమిటని పంతులు అడిగితే, మనిషికి చెయ్యి విరిగితే ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తమా అని ఇద్దరూ ఒక్కసారే ఎదురడిగారు.  ఇప్పుడు ఆ ఇంట్లో స్వామికి ముక్కు లేదు, లక్ష్మమ్మకు చెయ్యి లేదు, కురుమయ్యకు నోరు లేదు.