ఆగకుండా పాడిన మామగారు

ఆ ఆదివారం ఉదయం ఆడిటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, మామగారి పాట ఒకసారి పెట్టి చూసుకోవడం, సాయంత్రం చుట్టాలు వచ్చేదాకా కాళ్లు చాపుకుని కూర్చోవడం. మామగారు పోయి ఏడాదైంది. చివరి రోజుల్లో ఆయన మంచం మీద పాడిన పాటను అత్తగారు తన ఫోనులో పట్టుకుంది. ఇంతవరకూ తాను వినలేదు, ఎవరినీ విననివ్వలేదు. నిన్ననే ఆ ఫోను అల్లుడి చేతికిచ్చి, "ఒంటరిగా వినలేను నాయనా. రేపు నలుగురూ ఉన్నప్పుడు పెట్టు" అంది. అడగక అడగక అడిగిన కోరిక. అదీ సరిగా జరగకపోతే ఆవిడ మళ్లీ గదిలోకి పోయి తలుపేసుకుంటుందని ఇంటిల్లిపాదికీ భయం.

హాల్లో అలమారలో ఒక చిన్న కంప్యూటరుంది. ఇంట్లో పాటలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. దాన్ని ఆడిటరు మ్యూజిక్ సర్వర్ అంటాడు, భార్య "ఆ డబ్బా" అంటుంది. ఫోనులోని పాటను అందులోకి ఎక్కించి పెట్టాడు. పల్లవి అయిందో లేదో టక్కున ఆగిపోయింది. ఫ్యాను హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. కాసేపటికి దానంతటదే మొదలై, చరణం మధ్యలో మళ్లీ ఆగింది. తెర మీద చూస్తే ప్రాసెసర్ వాడకం వంద శాతానికి ఎగబాకి ఉంది.

"దొరికాడు దొంగ!" అన్నాడు ఆడిటరు. బతుకంతా పరాయి లెక్కల్లో తప్పులు పట్టినవాడు మరి. తప్పు కనబడితే అన్నం కూడా సయించదు.

"అమ్మకి చెప్పకండి. ఇవాళ ఆవిడ మనసు పాడు చెయ్యొద్దు. తమ్ముణ్ని పిలుస్తానుండండి" అంది భార్య.

ఈ తమ్ముడుగారు కుక్కర్లమ్మే కొట్టు నడుపుతాడు. ఎప్పుడో ఎవరింట్లోనో మొరాయించిన ప్రింటరు ఇతను తట్టగానే పనిచేసింది. ఆ ఒక్క దెబ్బతో చుట్టాల్లో కంప్యూటర్లు తెలిసినవాడని పేరు పడిపోయింది. ఇంజనీర్లున్న ఇళ్లవాళ్లు కూడా ఇతన్నే పిలుస్తారు, ఏం చేస్తాం!

"ముందు రోగమేంటో తెలియాలి బావా" అంటూ అతను ప్రాసెసర్ మీద కన్నేసి ఉంచే ప్రోగ్రామొకటి ఎక్కించాడు. అది చెప్పేది నమ్మబుద్ధి కాక ఇంకొకటి ఎక్కించాడు. రెండిట్లో ఏది నిజమో తేల్చడానికి మూడోది. ఇక వాడకం వంద నుంచి దిగడమే మానేసింది.

"చూశావా, ఎంత ముదిరిపోయిందో!"

"నువ్వు రాకముందు అప్పుడప్పుడే ఎక్కేదిరా."

"లోపల ఉండే ఉంటుంది బావా. పైకి కనబడలేదంతే."

తర్వాత దుమ్ము మీద అనుమానం వచ్చింది. మూత విప్పి, ఇల్లూడ్చే మెషిన్ తెచ్చి లోపల పెట్టాడు. అది దుమ్ముతో పాటు ఒక వైరు కూడా లాగింది. డబ్బా చచ్చి ఊరుకుంది. తిట్టుకుంటూ, వైరు వెతుక్కుంటూ, ఎలాగో దాన్ని బతికించేసరికి మధ్యాహ్నమైంది. బతికిందే గాని పాటలన్నీ మరిచిపోయి, ఒక్కొక్కటే మొదటినుంచీ లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది.

అంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "పాట వస్తోందా నాయనా?"

"బ్రహ్మాండంగా వస్తోంది అత్తయ్యగారూ" అన్నాడు ఆడిటరు, తలనిండా దుమ్ముతో, చేతిలో స్క్రూడ్రైవరుతో. ఆవిడ ఇద్దర్నీ ఒకసారి చూసి వెళ్లిపోయింది. పాట మధ్యలో ఎందుకాగుతోందని ఆ మనిషిని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. అడిగే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

డబ్బా లెక్క పూర్తయ్యాక గాని అసలు సంగతి తెలియలేదు. కొత్త పాట ఎక్కినప్పుడల్లా దాన్ని ఒకసారి తడిమి చూసుకోవడం దాని అలవాటు. పొద్దున వాడకం ఎక్కింది అందుకే. ఆ తర్వాతి భారమంతా కాపలా పెట్టిన మూడు ప్రోగ్రాములది. వాటిని తీసేయగానే వాడకం నేలకు దిగింది. సంబరంగా పాట పెట్టారు. సరిగ్గా అవే చోట్ల ఆగింది.

"అయితే పాటే చెడిపోయింది బావా. శబ్దం తగ్గిన చోటల్లా కత్తిరించి అతికించే ప్రోగ్రాముంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, పాతది పోయి కొత్తది వచ్చేస్తుంది."

ఆడిటరు తటపటాయించాడు. వీధి గుమ్మం దగ్గర చుట్టాలు చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. "నొక్కెయ్" అన్నాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. అత్తగారు ముందు కుర్చీలో కూర్చుంది. పాట పల్లవి నుంచి చివరిదాకా ఏకధాటిగా సాగింది. "ఆ జబ్బులో కూడా ఎక్కడా ఆగలేదు చూశారా! ఏం ఊపిరండీ!" అని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. బావమరిది కాలరు సర్దుకున్నాడు.

"ఇది ఆయన పాట కాదు" అంది అత్తగారు.

బావమరిది కాలరు మీంచి చెయ్యి తీశాడు.

"పల్లవి కాగానే ఆయనకి ఊపిరందలేదు. చెంచాతో నీళ్లు పట్టాను. 'ఇంక చాలా?' అన్నారు. 'ఇంకొంచెం పాడండి' అన్నాను. ఆగినప్పుడల్లా మెల్లగా నాతో ఏదో ఒకటి అన్నారు. పాటదేముంది, ఎవరైనా పాడతారు. ఆ మాటల కోసం పెట్టమన్నాను. అవేవీ?"

"నీ ఫోనులో ఉంటుంది కదమ్మా!" అంది కూతురు, మొగుడి వైపు చూస్తూ.

ఆడిటరు తల దించుకున్నాడు. ఒకే లెక్క రెండుచోట్ల ఉంటే ఎప్పటికైనా తగాదాయేనని అతని వృత్తి నేర్పింది. పొద్దున పాట డబ్బాలోకి ఎక్కగానే ఫోనులోది చెరిపేశాడు. "అదీ లేదు. తప్పయిపోయింది అత్తయ్యగారూ" అన్నాడు. సిగ్గుతో, దుఃఖంతో చచ్చిపోవాలనిపించింది.

ఆవిడ లేచింది. ఇక తలుపేసుకోవడమే అనుకున్నారంతా. ఆవిడ కుర్చీ తెచ్చి అలమార పక్కన వేసుకుంది. "మళ్లీ పెట్టు. నేను చెయ్యెత్తినప్పుడు ఆపు."

పల్లవి కాగానే చెయ్యెత్తింది. ఆపాడు. "ఇక్కడ నీళ్లు తాగారు" అని చెప్పి చెయ్యి దించింది. పాట సాగింది. చరణం మధ్యలో మళ్లీ ఎత్తింది.

"ఇక్కడ, 'అల్లుడింకా రాలేదా?' అన్నారు. దారిలో ఉన్నాడని చెప్పాను."

ఆ రోజు అల్లుడు దారిలో లేడు. ఎవరి ఆఫీసులోనో తప్పులు పడుతున్నాడు. అత్తగారు చెయ్యి దించినా ఆడిటరు వేలు చాలాసేపు మీట మీంచి కదల్లేదు.

పాట అయిపోయాక బావమరిది దగ్గరికొచ్చి, ఆ ఆపులు వాటంతటవే వచ్చేలా చేసే ప్రోగ్రాము కూడా ఉందని మెల్లగా చెప్పాడు. ఆ పూట అక్క అతన్ని భోజనానికి ఉండమనలేదు.