మా గుమ్మం ముందు జాతీయ మురుగు

మా ఆయన నిజాయితీతో వేగలేక చస్తున్నాను. ఆయన మున్సిపాలిటీలో పారిశుధ్య అధికారి. ఊళ్లో కాలువలన్నీ ఆయన చేతి కిందే ఉన్నా, మా గుమ్మం ముందున్న మురుగు కాలువలో మాత్రం పదకొండేళ్లుగా పార పెట్టనివ్వలేదు. "సొంత వీధికి పని చేయించుకున్నానని జనం అనుకోరూ?" అంటారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆయన విలువలను గౌరవిస్తూ వచ్చాను.

ఆ విలువలు వృథా పోలేదని పోయిన నెల తేలింది.

మా అత్తగారి కాలి బొటనవేలికి పుండు పడి నాలుగు నెలలైంది. ఆరు రకాల యాంటీబయాటిక్స్ వాడాం. పుండులోని బ్యాక్టీరియా అన్నిటినీ పలహారంలా పుచ్చుకుంది. సర్జన్ ఇంకో పదిహేను రోజులు చూసి, తగ్గకపోతే వేలు తీసేస్తానన్నాడు. అప్పుడు ఆసుపత్రి ల్యాబ్ డాక్టరమ్మ రంగంలోకి దిగింది. బ్యాక్టీరియాను వెతికి చంపే వైరస్‌లుంటాయట. మనిషి జోలికి రావట. మురుగులో హాయిగా కాపురం ఉంటాయట. ఊళ్లోని కాలువలన్నిటి నుంచీ సీసాలు నింపుకుపోతే, అత్తగారికి పనికొచ్చే రకం మా కాలువలోనే దొరికింది.

"మిగతావి అప్పుడప్పుడూ శుభ్రం చేశారండీ. అక్కడే దెబ్బతిన్నాం," అంది డాక్టరమ్మ.

మా ఆయన వినయంగా తల వంచుకున్నారు.

మొదటి సీసా పరీక్షలకే అయిపోయింది. మందు చేయడానికి మరో సీసా కావాలి, మర్నాడే వస్తానంది. ఈలోగా సంగతి ఆరోగ్య మంత్రిగారి చెవిన పడింది.

అంత దూరదృష్టి గల నాయకుణ్ణి నేను చూడలేదు. విలేకరులను పిలిచి మా కాలువను జాతీయ సూక్ష్మజీవ సంపదగా ప్రకటించారు. "పదకొండేళ్లుగా పూడిక తీయలేదని ప్రతిపక్షం గోల చేసింది. ఎందుకు తీయలేదో ఇప్పుడు అర్థమైందా?" అన్నారు. అర్థమైనవాళ్లు లేరు గానీ అందరూ రాసుకున్నారు. రెండో సీసా మంత్రిగారి చేతుల మీదుగానే నింపాలని నిర్ణయమైంది. సర్జన్ పెట్టిన గడువులో పదమూడో రోజుకు గానీ ఆయనకు తీరిక లేదు.

"సర్, పేషెంటుకు గడువుంది," అంది డాక్టరమ్మ.

"గడువు లోపలే వస్తున్నానుగా."

కాలువకు బోర్డు పెట్టారు, కంచె వేశారు, ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా ఉంచారు. నేను గిన్నెలు కడిగిన నీళ్లు పోయబోతే ఒకడు చెయ్యి అడ్డం పెట్టి, "ఏ సబ్బు అమ్మగారూ?" అని విచారించాడు.

"ఎనభై ఏళ్లొచ్చాయే అమ్మాయ్, నా వేలికి ఇంత పలుకుబడి ఉందని ఇన్నాళ్లూ తెలీలేదు," అన్నారు అత్తగారు కిటికీలోంచి.

పన్నెండో రోజున అలంకరణ పేరుతో కాలువ చుట్టూ తెరలు కట్టేశారు. మర్నాడు వీధిలో ఏదో ఆసుపత్రి వాసన వేసింది. ల్యాబ్ వాళ్ల ఏర్పాటు కాబోలనుకుని, పదకొండేళ్ల తర్వాత గుండెల నిండా గాలి పీల్చాను.

మంత్రిగారు వచ్చారు. ముందు వరుసలో అత్తగారు, స్టూలు మీద కట్టు కట్టిన కాలు. తెరలు తొలగాయి. మంత్రిగారు గ్లవ్స్ తొడుక్కుని, వంగి, సీసా ముంచి పైకెత్తారు. కెమెరాలు మెరిశాయి. సీసాలో నీళ్లు తళతళలాడుతున్నాయి.

డాక్టరమ్మ సీసా అందుకుని వాసన చూసింది.

"బ్లీచింగ్," అంది మెల్లగా. "ఇక ఇందులో ఏదీ బతికుండదు సర్."

మంత్రిగారు మైకులోనే అడిగారు. "దీన్ని ఎవడు శుభ్రం చేశాడు?"

కానిస్టేబుళ్లు మున్సిపల్ కమిషనర్‌ని చూశారు. కమిషనర్ ఆకాశాన్ని చూశాడు. అత్తగారు మాత్రం కొడుకును చూశారు.

"నువ్వేనట్రా?"

"వీఐపీ వస్తే ముందురోజే కాలువల పూడిక తీసి బ్లీచింగ్ చల్లాలని సర్క్యులర్ ఉందమ్మా."

"సర్క్యులర్ మీద సంతకం ఎవరిది?" మంత్రిగారు గద్దించారు.

"తమరిదేనండి."

మంత్రిగారు గ్లవ్స్ విప్పడంలో మునిగిపోయారు.

"మరి నా వేలో?" అన్నారు అత్తగారు.

మా ఆయన తల్లి కాలి దగ్గర చతికిలబడి, కట్టు సర్దారు.

"తప్పు చేశానమ్మా," అన్నారు. "కాలువ శుభ్రం చేయించాను."