కటింగ్ బల్ల గిటారైన మహాగాథ

ఎదురింటి నీళ్ల ట్యాంకు అనే ఉదయాద్రి వెనుకనుండి సహస్రకిరణుడు నెమ్మదిగా తలెత్తి, డాబాలమీద ఆరవేసిన దుప్పట్ల సందుల్లోంచి స్వర్ణశరపరంపరను కురిపిస్తున్న శనివార ప్రభాతాన, మూడంతస్తుల అద్దె భవనపు నడిమి అంతస్తులో, ఎడమవైపు వాటాలో, కుట్టుమిషనుకూ చెప్పుల స్టాండుకూ మధ్యనున్న నాలుగడుగుల రణరంగంలో, రంపపుపొట్టు ధూళిమేఘమై లేచి దశదిశలనూ, ఆరబెట్టిన గిన్నెలనూ కప్పివేసింది. వినండి, ఓ తీరికగల జనులారా! ఇది రాజ్యం కోసం జరిగిన యుద్ధం కాదు. ఒక దర్జీ కుమారుడు నాలుగు తీగల బేస్ గిటారును స్వహస్తాలతో ఇంట్లోనే చెక్కిన కథ. కూర్చున్నవారు కూర్చున్నచోటే వినవచ్చు. లేచి నిలబడవలసిన ఘట్టం ఇందులో ఒక్కటీ లేదు.

ఎవరా వీరుడు? ఇరవై రెండేళ్ల ప్రాయంవాడు. ఆజానుబాహువు కాకపోయినా స్టూలు వేసుకుంటే అటక అందగలవాడు. సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పగిలిన అద్దాలు మార్చి మార్చి చేయి తిరిగినవాడు. విప్పినదేదైనా తిరిగి బిగించి, ప్రతిసారీ ఒక స్క్రూ మిగిల్చగల ఉదారుడు. ఇంట్లో అతన్ని పెద్దోడు అంటారు. చిన్నోడు అంటూ ఎవరూ లేరు. అయినా అంటారు.

మూడు నెలల క్రితం ఈ పెద్దోణ్ణి, వీధి చివరి రేకుల షెడ్డులో సాధన చేసే పాటల బృందానికి అధిపతి, డ్రమ్ములు బాదడంలో అసమానుడు, డబ్బా అనే బిరుదాంకితుడు, పదిమంది ముందు ఇలా ప్రశ్నించాడు:

"మాకు బేస్ వాయించేవాడు కావాలిరా. నీ దగ్గర గిటారుందా?"

అప్పుడు వీరుని హృదయం ఇలా గర్జించింది: "ఓ డమరుకధ్వానా! నేటికి మూడు మాసాలకు, ఆదివారంనాడు, సాయం నాలుగు గంటలకు, ఏ దుకాణపు నీడా సోకని, ఏ కర్మాగారపు యంత్రమూ తాకని మహావాద్యాన్ని ఈ బాహువులతోనే నిర్మించి నీ షెడ్డు ముంగిట నిలిపెదను! నిలపనినాడు ఈ వీధిలో తలెత్తి నడవను!"

పెదవులు మాత్రం "చేసుకొస్తాలే" అన్నాయి.

"చేసుకొస్తావా? గాలిపటమనుకున్నావా?" అన్నాడు డబ్బా. పదిమందీ నవ్వారు. "సరే, మూడు నెలలు చూస్తా. ఆ ఆదివారం నాలుగింటికల్లా తెస్తే చోటు నీది. లేకపోతే పక్కవీధోడు రెడీగా ఉన్నాడు."

ఇక మహావాద్యానికి దారువు కావాలి. వీరుని దృష్టి ఇల్లంతా సంచరించి, చివరకు అమ్మ కటింగ్ బల్లమీద వాలింది. పందొమ్మిదేళ్లుగా ఆ బల్లమీద అమ్మ కత్తెర నడిచింది. ఎన్ని బళ్ల యూనిఫాంలు, ఎన్ని కిటికీల కర్టెన్లు దానిమీద పుట్టాయో లెక్కలేదు. అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన త్రికోణపు మచ్చ, యుద్ధంలో తగిలిన గాయంలా మెరుస్తుంటుంది.

"దీని చెక్క గట్టిదమ్మా. ఇలాంటిది బయట దొరకదు," అన్నాడు వీరుడు.

అమ్మ బల్లమీది బట్టముక్కలు పక్కకు తీసింది. "తీసుకో. పాడు చెయ్యకు," అంది.

ఆ రెండు మాటల్లో ఉన్న త్యాగాన్ని కొలిచేందుకు వీరుని దగ్గర టేపు లేదు. ఉన్న టేపు సంగతి తర్వాత చెబుతాను. ఆనాటి నుంచి అమ్మ నేలమీద చాప పరచుకుని, మోకాళ్లమీద వంగి బట్ట కత్తిరిస్తోంది. లేచేటప్పుడల్లా మిషను అంచు పట్టుకుని "అమ్మా" అంటుంది. ఆ ధ్వని రంపపు హోరులో వీరుని చెవిని చేరలేదు. వీరగాథల్లో ఇటువంటివి రాయరు. నేను పొరపాటున రాశాను.

ఆపై సంకులసమరం సాగింది. చిత్రికపట్టే వేళ చెక్క అలిగింది. ఉలి జారి చెప్పుల స్టాండు క్షతగాత్రమైంది. కింది వాటాలోని వడ్రంగి బాబాయి ఆ చప్పుడు భరించలేక మెట్లెక్కి వచ్చాడు.

"ఒరే పెద్దోడా, ఇలా ఇవ్వు. పది నిమిషాల్లో కోసిచ్చేస్తా."

"వద్దు బాబాయ్. ఇది కస్టమ్. చేత్తోనే చెయ్యాలి."

"మరి నాదేంట్రా, కాలా?"

"నా చేత్తో చెయ్యాలి బాబాయ్."

బాబాయి ఆ వంకర గీతనూ, ఆ చేతినీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా దిగిపోయాడు. మర్యాదస్థుడు.

తీగల కంపనాన్ని పట్టి స్పీకరుకు పంపే పికప్ అనే శబ్దగ్రాహక యంత్రాన్ని కూడా వీరుడు కొనలేదు. అమ్మ మిషనుకున్న బాబిన్ చక్రానికి అయస్కాంతాల దిమ్మను బిగించి, వెంట్రుకకన్నా సన్నని రాగితీగను ఏడువేల చుట్లు చుట్టడానికి ఉపక్రమించాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సమస్తాన్నీ వీక్షించే అమ్మమ్మ, సరిగ్గా నాలుగువేల మూడువందల పన్నెండో చుట్టు దగ్గర అడిగింది:

"టైమెంతయిందిరా?"

"పదకొండున్నర," అన్నాడు వీరుడు. ఆ వెంటనే అతని ముఖం వివర్ణమైంది. తర్వాత ఎన్ని చుట్లు పడ్డాయో ఏ చరిత్రకారుడూ చెప్పలేడు.

ఇక మహాఘట్టం, గళ్ల నిర్మాణం. గిటారు మెడమీద అడ్డంగా ఇరవై సన్నని లోహపు పట్టీలు దిగగొట్టాలి. వాటి మధ్య గడుల్లో వేలు నొక్కితేనే స్వరం మారుతుంది. వెంట్రుకవాసి తప్పితే శ్రుతి తప్పుతుంది. తీగలు తల దాటి మెడమీదికి దిగేచోట ఆనే చిన్న గుమ్మం నుంచి, అవతలి చివర అవి కట్టుకునే బిళ్ల దాకా ముప్పైనాలుగు అంగుళాలు ఉండాలి. అంతర్జాలం నుంచి సంపాదించిన కొలతల పట్టికను గోడకు అంటించి, అమ్మ మిషను మీదున్న పసుపుపచ్చ టేపు తీసి, గుమ్మం దగ్గర దాని కొస ఆనించి, శ్వాస బిగబట్టి, ఇరవై పట్టీలకూ బిళ్లకూ గీతలు గీశాడు. గుమ్మం పాత దువ్వెన వెన్నుతో చేశాడు. పట్టీలను బంక పెట్టి దిగగొట్టాడు. తల భాగంలో, గుమ్మానికి పైన మిగిలిన రెండంగుళాల ఖాళీలో, తన వంశచిహ్నంగా సింహముఖాన్ని పదకొండు రోజులు చెక్కాడు. గిటారు మొత్తంమీద ఎక్కువ కాలం పట్టిన పని అదే.

మనం మొదట చూసిన శనివారానికి వద్దాం. గడువుకు ఒక్కరోజు మిగిలింది. చివరి అంచులు కోసి, తీగలు బిగించి, పాత టీవీ స్పీకరుకు తగిలించి, వీరుడు లావుపాటి పై తీగను మీటాడు. కిటికీ అద్దాలు కంపించాయి. చెంచాలు ఘల్లుమన్నాయి.

"ఫ్రిజ్జు పాడైనట్టుందే!" అని అరిచింది అమ్మమ్మ.

వీరుడు మందహాసం చేసి, ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టి, తీగను సరిచేసి, మొదటి గడిలో వేలు నొక్కాడు. స్వరం కుంగింది. ఐదో గడి. కుంగింది. పన్నెండో గడి. అంతే కుంగింది. నొక్కిన స్వరాలను సరిచేస్తే వదిలేసిన తీగ పైకి ఎగిరింది. వదిలేసిన తీగను సరిచేస్తే నొక్కినవన్నీ కూలబడ్డాయి. నాలుగు తీగలూ ఒకేలా తిరగబడ్డాయి. గంటసేపు ఘోరసంగ్రామం జరిగింది. చెక్క తడి అన్నాడు. తీగ నాసిరకమన్నాడు. వాతావరణమన్నాడు. లోకంలో తనొక్కణ్ణి తప్ప అందర్నీ అనుమానించాడు.

చివరకు చెప్పుల స్టాండు పక్కన కూలబడి, వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని, అంతరంగంలో ఇలా విలపించాడు: "ఓ చతుస్తంత్రీ! నీకోసం నిద్రాహారాలు మానితిని, చేతులు కోసుకొంటిని. రేపు నాలుగు గంటలకు ఏ ముఖముతో ఆ షెడ్డు మెట్లెక్కుదును!"

బయటికి వినబడింది "ఛ" ఒక్కటే.

చప్పుడు ఆగిందేమిటని వడ్రంగి బాబాయి పైకొచ్చాడు. "ఇరవై పట్టీలూ పీకేస్తా బాబాయ్. మళ్లీ కొడతా," అన్నాడు వీరుడు.

"బంక పెట్టి కొట్టావు. ఇప్పుడు పీకితే చెక్క పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఇక అది పొయ్యిలోకే."

అమ్మ అప్పుడు నేలమీద వంగి యూనిఫాం చేతులు కత్తిరిస్తోంది. బల్ల లేదు కనుక నేలమీదుంది. నేలమీదుంది కనుక వీరుని ఒడిలోని గిటారు మెడ ఆమె కళ్లకు సూటిగా ఎదురైంది. కత్తెర ఆగింది.

"పెద్దోడా, ఆ మొదటి గడి ఏంట్రా అంత ఇరుకు?"

"అలాగే ఉంటుందమ్మా."

"ఎలా ఉంటుంది? రెండో గడి నుంచి వరసగా కొంచెం కొంచెం తగ్గుతూ పోతున్నాయి. అంటే మొదటిదే అన్నిటికన్నా పెద్దది కావాలిగా. ఇది రెండోదాంట్లో సగమే ఉంది. చొక్కాకి మొదటి గుండీ ఇలా కుడితే నన్ను తంతారు."

"పట్టికలో ఉన్నట్టే కొలిచా."

"దేంతో కొలిచావు?"

"నీ టేపుతోనే."

అమ్మ కత్తెర కింద పెట్టింది. "ఎక్కణ్ణుంచి?"

"ఎక్కణ్ణుంచేంటమ్మా? మొదట్నుంచి."

"దానికి మొదలెక్కడుందిరా!"

అమ్మ మెడలోని టేపు తీసి కొస చూపించింది. ఆరేళ్ల క్రితం మిషనులో ఇరుక్కుని మొదటి అంగుళం తెగిపోయింది. ఆ టేపు ఒకటి దగ్గరే మొదలవుతుంది.

"ఒకటి మీద వేలు పెట్టి, దాన్నే సున్నా అనుకుని కొలవాలి. ఈ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు."

"మరి నాకు చెప్పలేదేంటి?"

"అడిగావా? అంకె కనబడలేదా? సెల్‌ఫోన్లో చీమ తలకాయంత స్క్రూ కనబడుతుందిగా!"

కిటికీ పక్కనుంచి అమ్మమ్మ అందుకుంది. "అయ్యో, ఆ టేపుతోనేగా నాకు గౌను కుట్టావు! అందుకేనా చంకలో పట్టేసింది?"

"నేను ఒకటి నుంచే కొలిచానమ్మా. నువ్వు లావయ్యావు."

వీరుడు పట్టకారు అందుకున్నాడు. "పీకాల్సిందే. ఇరవయ్యీ పీకాల్సిందే."

"ఉండరా," అంది అమ్మ. "ఇరవై ఎందుకు? అన్నీ ఒకే కొసనుంచి కొలిచావు, ఆ చివర బిళ్లతో సహా. అన్నీ ఒకే అంగుళం జరిగాయి. వాటిలో వాటికి తేడా ఏం లేదు. నడుం పట్టీ ఒక్కటీ తప్పితే ప్యాంటంతా విప్పుతామా? ఈ దువ్వెన ముక్కని అంగుళం వెనక్కి జరుపు. సరిపోతుంది."

వడ్రంగి బాబాయి మెడను చూశాడు, టేపును చూశాడు. "వదిన చెప్పింది నిజమేరా! ఇక్కడ అంగుళం చెక్క అతికిస్తే చాలు."

వీరుని చూపు తల భాగంలో నిలిచింది. ఆ అంగుళం చెక్క సరిగ్గా వంశచిహ్నం మీదికి వస్తుంది.

"సింహం కప్పబడిపోతుందమ్మా," అన్నాడు హీనస్వరంతో.

"అది సింహమా?" అంది అమ్మమ్మ. "నేను ఉల్లిపాయనుకున్నా."

ఇదీ మహాగాథలోని అతిభీకర సమరం. ఒకవైపు పదకొండు రోజుల కళాసృష్టి, మరొకవైపు రేపటి నాలుగు గంటలు. వీరుని కనుబొమలు ముడిపడ్డాయి. పిడికిళ్లు బిగిశాయి. నిమిషం గడిచింది. అమ్మ ఓపిక పట్టి, తర్వాత మళ్లీ యూనిఫాం కత్తిరించుకోసాగింది. అప్పుడు వీరుడు లేచి, బల్లలో మిగిలిన ముక్క తెచ్చి, బాబాయి చేతిలో పెట్టాడు.

"నువ్వే కొయ్యి బాబాయ్."

"చేత్తో కొయ్యనా, కాలితోనా?"

"చేత్తోనే, బాబాయ్," అన్నాడు వీరుడు తలవంచి. ఆ తల వంగడం మూడు నెలల్లో అదే మొదటిసారి.

మిగిలిన ముక్కలో ఇస్త్రీ మచ్చ ఉంది. ఆ మచ్చతోనే అంగుళం చెక్క తెగింది. అమ్మ ఒకటి మీద వేలు పెట్టి కొలిచింది. బాబాయి కోసి, అరగదీసి, సరిచూశాడు. వీరుడు బంక పూశాడు. సింహం కళ్లు మూసుకుంది. తెల్లవారేదాకా దానిమీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టి, తెల్లవారాక దువ్వెన గుమ్మాన్ని దాని కొసకు జరిపి తీగలు మళ్లీ బిగించారు.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు షెడ్డులో డబ్బా ఆ వాద్యాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బాగానే ఉందే. ఇక్కడేంటి, కాలింది?"

"ఇస్త్రీ," అన్నాడు వీరుడు.

"ఓహో, డిజైనా! సరే విను. నీకు పాటంతా రెండే స్వరాలు. పై తీగ ఉత్తగా ఒకసారి, మొదటి గడిలో నొక్కి ఒకసారి. అంతే. ఇంకెక్కడా చెయ్యి పెట్టకు."

ఇరవై పట్టీల్లో పంతొమ్మిది విశ్రాంతి తీసుకున్నాయి. ఆ ఒక్క గడి, నిన్నటిదాకా ఇరుకైన ఆ గడి, యుద్ధభారం మొత్తం మోసింది. ఉత్త తీగ, నొక్కిన తీగ. ఉత్త తీగ, నొక్కిన తీగ. రెండూ సరిగ్గా ఉన్నాయి. ఎవరూ వీరునివైపు తిరిగి చూడలేదు. బేస్ వాయించేవాడికి దక్కే పరమోన్నత గౌరవం అదే.

పాట అయ్యాక, చేతిలో కాజాలు కుట్టాల్సిన చొక్కాతో షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ అడిగింది: "నీది ఏదిరా? నాకేం వినపడలేదు."

"బేస్ విడిగా వినపడదు ఆంటీ," అన్నాడు డబ్బా. "తప్పు వాయిస్తేనే తెలుస్తుంది."

"కాలరులో వేసే అస్తరులాగా అన్నమాట," అంది అమ్మ.

డబ్బా వీరుని భుజం తట్టాడు. "వచ్చే ఆదివారం కూడా రా."

దారిలో వీరుడు అమ్మ నడక చూశాడు. మొదటిసారి చూశాడు. మెట్ల దగ్గర ఆమె గోడ పట్టుకుని "అమ్మా" అంది. అతని హృదయంలో మహోపన్యాసం ఒకటి ఉప్పొంగబోయింది. ఈసారి దాన్ని మింగేశాడు.

"నీకు బల్ల చేసిస్తానమ్మా."

"చెయ్యి," అంది అమ్మ. "కొలతలు మాత్రం నేను తీస్తా."

ఓ జనులారా, ఇక లేవవచ్చు. ముప్పైమూడు అంగుళాల గిటారు ముప్పైనాలుగు అంగుళాలదయింది. జయభేరి మోగించండి, డబ్బాయే మోగిస్తాడు. గెలిచిన రాజ్యం నిడివి ఒక అంగుళం. అందులో వీరుని పరాక్రమం బంక పూసినంత మేర. ఈ గాథ విన్నవారి టేపులు కొసలు తెగకుండుగాక. తెగినా, ఎక్కడ మొదలవుతుందో చెప్పే మనిషి ఇంట్లో ఉండుగాక. ఆ మనిషికి కూర్చోవడానికి నేల కాక వేరే చోటుండుగాక.