వేన్నీళ్ల ప్రారంభోత్సవం

"రుమైథియాలోని ఒక గృహంలో నెలకొన్న వేన్నీళ్ల సంక్షోభాన్ని మన పార్టీ యుద్ధప్రాతిపదికన పరిష్కరించనున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము."

సమగ్ర జనవికాస పార్టీ కువైట్ విభాగం కన్వీనర్ రామాంజనేయులు గారు శుక్రవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో ఈ ప్రకటన విడుదల చేశారు. ఆ గృహంలో ఆయన డ్రైవరు. బండి తోలే సమయం మినహాయిస్తే ఆయనది పూర్తిగా ప్రజాజీవితమే.

సంక్షోభం ఇదీ. ఇంటి బాయిలర్ గదులను వెచ్చగా ఉంచుతోంది గానీ కొళాయిల్లోకి వేడినీళ్లు పంపడం మానేసింది. జనవరి చలి. మేడ మీద యజమానురాలి తల్లి ఉంటుంది. నడవలేదు, కానీ చన్నీళ్లు తగిలితే ఇల్లంతా వినపడేలా తిట్టగలదు. అందుకని పనిమనిషి వెంకటేశ్వరి వంటింట్లో నీళ్లు కాచి, గిన్నెలు పట్టుకుని మెట్లెక్కుతోంది. రాయచోటిలో ఆమె కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. సెలవు అడిగితే, పనివాళ్లంతా మామా అని పిలిచే ఆ యజమానురాలు ఒకటే మాట చెప్పింది: "నువ్వు పోతే మా అమ్మకు నీళ్లెవరు మోస్తారు? కొళాయి బాగు కానీ, అప్పుడు పో."

"అన్నా, నీకు శానామంది తెలుసు గదా. ఎవురినన్నా పిలిపిచ్చు. బిడ్డ కాడికి పోవాల," అని వెంకటేశ్వరి బతిమాలింది. కన్వీనర్ గారి గుండె నిజంగానే కరిగింది. కరిగిన గుండెతోనే పై ప్రకటన రాశారు.

మహబూలాలో ఉండే బాయిలర్ మెకానిక్ షావలి ఆ సాయంత్రమే వచ్చి మూత విప్పాడు.

"వేడిని గదులకూ కొళాయిలకూ మళ్లించే వాల్వు ఇరుక్కపోయిందన్నా. అంతా గదుల దిక్కే పోతాంది. కొత్తది ఏస్తే సరి. నా బండిలోనే ఉంది."

వెంకటేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. రామాంజనేయులు గారు జేబులోంచి పార్టీ అధినేత బొమ్మ ఉన్న స్టిక్కరు తీశారు.

"బిగిచ్చినాక దీన్ని బాయిలర్ మీద అతికిచ్చి ఒక ఫోటో దిగుదాం."

షావలి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నేను అవతలి పార్టీ అని నీకు తెల్దా? పని నాది, బొమ్మ మీదా?"

చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయి. రెండు స్టిక్కర్లూ అతికించాలని ఒక దశలో అంగీకారం కూడా కుదిరింది. ఎవరిది పైన అనే దగ్గర చెడింది.

"పక్కపక్కన పెట్టుకోండి," అంది వెంకటేశ్వరి.

"కుడి పక్క ఎవురిది?" అన్నారు ఇద్దరూ.

షావలి మూత బిగించి, వాల్వుతో సహా వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

కన్వీనర్ గారు కుంగిపోయే మనిషి కాదు. వెంటనే సాంకేతిక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు ఫహాహీల్‌లో టైలరుగా ఉన్న బుడేన్ సాహెబ్. కమిటీ బాయిలర్‌ను నలువైపులా పరిశీలించి, అది తెల్లగా ఉందని గుర్తించి, టీ తాగింది. ఈలోగా అధినేత కార్యాలయం నుంచి కబురొచ్చింది. వచ్చే శుక్రవారం వీడియో కాల్‌లో ఆయనే స్వయంగా వేన్నీళ్లను ప్రారంభిస్తారట.

"ఇంకా బాగు కాలేదు గదప్పా," అన్నాడు బుడేన్ సాహెబ్. ఆయన పొరపాటున కొళాయి కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"బాగు చేసేది మెకానిక్ పని. ప్రారంభించేది మన పని. ఒకరి పనిలో ఒకరు ఏలు పెట్టగూడదు."

శుక్రవారం కొళాయికి రిబ్బను కట్టారు. వెంకటేశ్వరిని మరిగిన నీళ్ల గిన్నెతో ఓ పక్కన నిలబెట్టారు.

"రిబ్బను తెగతానే బకెట్లో పొయ్యమ్మా. ఆవిరి కనపడాల, నీ చెయ్యి కనపడగూడదు."

"పోస్తాలే. కానీ ఆ ఈడియో నువ్వే మామాకు చూపిచ్చాలన్నా."

తన వీడియో చూపించమని ఒకరు అడగడం ఆయన ప్రజాజీవితంలో అదే మొదటిసారి. ఆనందంగా ఒప్పుకున్నారు.

ఆవిరి అద్భుతంగా వచ్చింది. చన్నీళ్ల పాలన అంతమైందని అధినేత ప్రకటించారు. మర్నాడు జిల్లా పేపర్లో ఫోటో పడింది. మామా వీడియో చూసి, మాషా అల్లా అని, అప్పటికప్పుడు వెంకటేశ్వరికి టికెట్ తీయించింది. ఎయిర్‌పోర్టుకు కన్వీనర్ గారే దిగబెట్టారు.

"నీ మేలు మర్సిపోనన్నా," అందామె. నవ్వకుండానే అంది.

మరుసటి పొద్దున మామా మేడ మీద కొళాయి తిప్పింది. తర్వాత రామాంజనేయుల్ని పిలిచింది.

"నీ నాయకుడికి వచ్చిన నీళ్లు మా అమ్మకు రావేం?"

"ప్రారంభం అయిపోయింది మామా. ఇంక రావడమే మిగిలింది."

"వచ్చేదాకా నువ్వే మోయి. యల్లా, కదులు."

మోశారు. రెండో గిన్నెకే ఆయన నడుము పట్టేసింది. మెట్ల మీదే కూలబడి షావలికి ఫోన్ చేశారు.

"తమ్ముడూ, స్టిక్కరు మాటే ఎత్తను. వాల్వు తీసుకొని ఒక్కసారి రాప్పా."

"నేను రాలేనన్నా. అది బాగైందని పేపర్లో పడె. ఇప్పుడు నేనొచ్చి చెయ్యి పెడితే, బాగైనదాన్ని అవతలి పార్టీవోడు చెడగొట్టినాడని రేపు నువ్వే ప్రకటన ఇస్తావు."

రామాంజనేయులు గారు ఫోను జేబులో పెట్టుకుని మూడో గిన్నె నింపడానికి కిందికి దిగారు. గ్రూపులో అభినందనలు ఇంకా వస్తూనే ఉన్నాయి.