దిగువకోన బడికి చుట్టాలొచ్చారు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే దానికంటూ ఒక విద్యాశాఖ కూడా ఏడ్చింది, ఎగువగట్టు అనే రాళ్ళదిబ్బ మీద అంకమ్మ అనే ముంగిస కాపురం ఉండేది. ఆమెకి ఒక్కడే కొడుకు. పిడికెడు కూడా లేని ఆ కుంకకి వీరాంజనేయులు అని పేరు పెట్టుకుంది. అందరూ వీరాంజీ అని పిలిచేవాళ్ళు.

వీరాంజీ తండ్రి చదువుకోలేదు. చదువుకోని ముంగిస పాము మీదికి వెళితే ఏమవుతుందో ఆయనకీ అదే అయింది. పడగ అనుకుని తోక పట్టుకున్నాడు, పొరపాటు తెలిసేలోపే పోయాడు. పోనీ కొడుక్కి అంకమ్మే నేర్పుదామంటే ఆమెకీ రాదు. ఆడపిల్లకి పాములెందుకని పుట్టింట్లో ఎలుకలతోనే సరిపెట్టారు.

అందుకని ఆమెకి ఒకటే పట్టుదల. కొడుకు పాముల చదువు చదవాలి, అదీ తొలకరిలోపు చదవాలి. నాలుగు చినుకులు పడ్డాయంటే పుట్టల్లో పాములన్నీ బయటికొస్తాయి. అప్పుడు చదువురాని ముంగిసపిల్ల వాటికి ఫలహారమే.

ఆ ఏడు ఎగువగట్టు మీద వాగు ఎండిపోయింది. జంతువులన్నీ కిందనున్న దిగువకోనకి మారిపోవాలని చూస్తున్నాయి. కొన్ని అక్కడ నీళ్ళు చూసుకున్నాయి, కొన్ని నీడ చూసుకున్నాయి, తెలివైనవి పులి ఎంత దూరంలో ఉంటుందో చూసుకున్నాయి. అంకమ్మ మాత్రం ముందు బడి చూస్తానంది.

"సర్కారు బడిలో చూసేదేముందే? పైన కప్పుంటే చాలదా?" అన్నాడు ఆమె అన్న.

"కప్పు కింద ఏముందో చూడొద్దా అన్నయ్యా?" అని కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఇక్కడ దిగువకోన వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మర్యాద వాళ్ళకి పట్టిన జబ్బు. ప్రతి ఇంట్లోనూ ఒక మంచి చాప చుట్టి మూలకి పెట్టి ఉంటుంది. అది చుట్టాలకి. ఇంట్లోవాళ్ళు కటిక నేలమీద పడుకుంటారు. నెయ్యి చుట్టాలకి, నవ్వు మొహం చుట్టాలకి. కుందేలు సుబ్బులు బతికినంతకాలం తన ఇంటి చాప మీద ఒక్కసారి కూర్చోలేదు. చచ్చాకైనా దానిమీద పడుకోబెడదామని పరిస్తే, అప్పుడే పరామర్శకి చుట్టాలొచ్చారని మళ్ళీ లాగేశారు.

బడి గుమ్మంలోనే హెడ్మాస్టరు సత్తిరాజు ఎదురొచ్చాడు. ఆయన గాడిద. తిట్టడం కాదు, జాతి చెబుతున్నాను.

"బడి చూద్దామని వచ్చాం సారూ. నచ్చితే ఈ కోనకే మారిపోతాం," అంది అంకమ్మ.

సత్తిరాజు చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "చుట్టాలొచ్చారు!" అని బడి అదిరేలా ఓండ్రపెట్టాడు.

అంతే. గంట మోగింది. చాప పరిచారు. పాములపాఠం చెప్పే నెమలి రత్తయ్య మాస్టారు ఒక ఎండుతీగ పట్టుకుని వచ్చి, తరగతి మధ్యలో నిలబడి పురి విప్పాడు.

"పడగ ఎక్కడుంటుంది? కళ్ళున్న చోట. తోక ఎక్కడుంటుంది? మీకు పట్టుకోవాలనిపించే చోట! పాము మీకు ముందుగా చూపించేది తోకనే. అది మర్యాద కాదు, మోసం. కళ్ళు వెతకండి నాయనా, కళ్ళు!"

తీగని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బుస కొట్టాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక పందిపిల్లయితే ఉండబట్టలేక "ఓహో, పాఠమంటే ఇదా!" అని అరిచింది. ఆహా, చదువంటే ఎంత దాహం అనుకుంది అంకమ్మ. పిచ్చిది, ఆ కేకని ఇంకోలా అర్థం చేసుకోవచ్చని ఆమెకి తట్టలేదు.

ఆమె లెక్కలో బడి ఎలాంటిదో పిల్లల నోళ్ళే చెబుతాయి. మాటలతో కాదు, వాసనతో. వరసగా ఒక్కొక్కరి మూతీ వాసన చూసింది. అన్నిట్లోనూ బెల్లం పాయసం వాసన.

"మొత్తం మూడు పాఠాలమ్మా," అన్నాడు రత్తయ్య చెమట తుడుచుకుంటూ. "పడగని గుర్తుపట్టడం, కాటు తప్పుకోవడం, మెడ పట్టడం. మూడూ వస్తే మీవాడికి పాము భయం లేదు."

"రెండొచ్చి మూడోది రాకపోతే మాస్టారూ?"

"అలిసిపోయేదాకా బతుకుతాడు."

అంకమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొగుడు గుర్తొచ్చాడు. ఆ సాయంత్రమే కోనలో ఒక కన్నం చూసుకుని, వీరాంజీని బడిలో చేర్పించింది.

మర్నాడు మధ్యాహ్నం బడివైపు తొంగిచూసింది. సత్తిరాజు నిలబడే నిద్రపోతున్నాడు. పిల్లలు ఆయన ఒంటిమీద పిడుదులు ఏరుతున్నారు. వీరాంజీకి ఈగలు తోలే పని ఇచ్చారు. రత్తయ్య నీడన కూర్చుని ఈకలు దువ్వుకుంటున్నాడు.

"పాఠమేది సారూ?" అంది అంకమ్మ.

"ఏ పాఠం?"

"నిన్న చెప్పారే, దాని తర్వాతది."

సత్తిరాజు నొచ్చుకున్నాడు. "అదేంటమ్మా అట్లాగంటారు? నిన్నటిదాకా మీరు చుట్టాలు. ఇవాళ మావాళ్ళయ్యారు. మావాళ్ళని పరాయివాళ్ళల్లే చూస్తామా?"

"పాఠం చెప్పడం పరాయివాళ్ళల్లే చూడటమా?"

"మీ ఇంట్లో రోజూ బూరెలు వండుకుంటారా అమ్మా?"

"పురి రోజూ విప్పితే ఈకలు ఊడిపోవూ?" అన్నాడు నీడలోంచి రత్తయ్య.

పోట్లాడదామంటే సత్తిరాజు గొంతులో ప్రేమ నిజంగానే ఉంది. నన్నడిగితే లంచగొండితో వేగొచ్చు, సోమరితో వేగొచ్చు, ఇలాంటి ప్రేమతో మాత్రం వేగలేం. అంకమ్మ తిట్టకుండానే ఇంటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆలోచించింది. ఆలోచించి, వీరాంజీని బడి మాన్పించింది. టీసీ తీసుకుని, మూట నెత్తిన పెట్టుకుని, కోన కోనంతా చూస్తుండగా గట్టెక్కింది. తెల్లారి అదే మూటతో దిగి బడి గుమ్మంలో నిలబడింది.

"బడి చూద్దామని వచ్చాం సారూ. నచ్చితే ఈ కోనకే మారిపోతాం."

సత్తిరాజు గుర్తుపట్టలేదని కాదు. గుర్తుపట్టాడు. కానీ మూటతో గుమ్మంలో నిలబడ్డదాన్ని చుట్టం అనకపోతే ఏమంటారు? "చుట్టాలొచ్చారు!" అని ఓండ్రపెట్టాడు. చాప పరిచారు, పాయసం పొయ్యిమీదికెక్కింది, రత్తయ్య పురి విప్పి రెండో పాఠం మొదలుపెట్టాడు.

కాటు తప్పుకోవడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. రత్తయ్య తీగ విసిరితే వీరాంజీ ఎగిరేవాడు, వీపున దెబ్బ తగిలేది, మళ్ళీ ఎగిరేవాడు. సాయంత్రం సత్తిరాజు ఆశగా అడిగేవాడు, "ఏమంటారమ్మా, నచ్చిందా?"

"బాగానే ఉంది సారూ. ఇంకొక్కసారి చూస్తే గానీ చెప్పలేం."

రోజూ ఇదే మాట, రోజూ ఇదే మూట. ఆమె పుణ్యమా అని బడిలో ఉన్న పిల్లలకి కూడా ఎగరడం వచ్చింది. పందిపిల్ల సైతం కాస్త పక్కకి జరగడం నేర్చుకుంది. ఆ కోనలో బడి అనేది నడిచిన రోజులంటూ ఉంటే అవే. ఆ రోజులు అలాగే ఉండిపోతే ఎంత బాగుండేదో. కానీ పక్కచెట్టు మీద ఉడుత మంగతాయారు ఉంది.

"ఏం వదినా! మా పిల్లలు ఏడాదినుంచీ పలకలు మోసి మోసి అరిగిపోయారు. నీ కొడుక్కి చాపా, పాయసమూనా!" అంది మంగతాయారు.

అంకమ్మ జాలిపడి కిటుకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. మంగతాయారు ఆ ఒట్టుని ప్రతి కొమ్మకీ వెళ్ళి ఒక్కొక్కరి చేతా వేయించింది. సాయంత్రానికల్లా కోనలో పిల్లలందరూ బడి మానేశారు.

తెల్లారేసరికి గుమ్మంలో మూటల బారు. కుందేళ్ళు, పందులు, జింకలు, ఉడుతలు, అందరూ బడి చూద్దామని వచ్చినవాళ్ళే. సత్తిరాజు ఆనందంతో వరసపెట్టి ఓండ్రపెట్టాడు. ఆయన జన్మలో అంతమంది చుట్టాల్ని చూడలేదు. రత్తయ్య ఊడిన ఈకల్ని లెక్కచేయకుండా "ఇవాళ మూడో పాఠం! మెడ పట్టు!" అని గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే విద్యాధికారి వచ్చాడు. ఆయన పేరు నరహరి, నక్క.

మూడో పాఠం ఆగిపోయింది. అధికారి చుట్టం కాదు, అల్లుడు. అల్లుడికి పాఠం చెప్పరు, కోడిని కోస్తారు. నరహరి భోంచేసి, త్రేన్చి, జనాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

"బడి చూడటానికి ఇంతమంది వచ్చిన చోటు ఈ అడవిలో ఇంకోటి లేదు. ఇదే ఉత్తమ పాఠశాల!" అని సత్తిరాజు మెడలో దండ వేశాడు. "అవునూ, చదివే పిల్లలెంతమంది?"

"ఎవరూ లేరండి. అందరూ చుట్టాలే."

"పిల్లల్లేని బడి మూసెయ్యాలని రూలు."

"ఇప్పుడే ఉత్తమం అన్నారు కదండీ!"

"అన్నాను. ఆ ఉత్తమ పాఠశాలనే మూసేస్తున్నాం. నాకూ బాధగానే ఉంది," అని నరహరి సంచిలోంచి తాళం తీశాడు.

చేర్చకపోతే బడి ఉండదు. చేర్చితే పాఠం ఉండదు. గట్టు మీద మబ్బులు చూస్తే నల్లగా కమ్ముకొస్తున్నాయి. మూసిన బడి ఎటూ చెప్పదు, తెరిచిన బడి ఏ పూటైనా పొరపాటున చెప్పకపోతుందా అనుకుని, అంకమ్మ ఏడుస్తూ కొడుకుని సత్తిరాజు ముందుకి తోసింది. ఆమెని చూసి మిగతావాళ్ళూ తోశారు.

బడి దక్కింది. నరహరి తాళం సంచిలో వేసుకున్నాడు. చూడవచ్చినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు కాబట్టి దండ కూడా తీసి సంచిలో వేసుకున్నాడు.

మర్నాటినుంచీ మళ్ళీ పిడుదులు, మళ్ళీ ఈగలు. అంకమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "మూడోది ఒక్కటి చెప్పండి మాస్టారూ, బిడ్డ పోతాడు," అంది. "మన పిల్లాడేగా, ఎప్పుడైనా చెప్పుకోవచ్చు," అన్నాడు రత్తయ్య ఆప్యాయంగా.

తొలకరి పడింది.

ఆ ఉదయం బడి గుమ్మంలో ఒక నాగుపాము తలెత్తి నిలబడింది. "నా పేరు శేషగిరి అండీ. పుట్టలోకి నీళ్ళొచ్చాయి. ఈ కోనకే మారదామనుకుంటున్నాం. పిల్లలింకా గుడ్లలోనే ఉన్నారు గానీ, ముందు బడి చూసుకుంటే మంచిది కదా అని వచ్చాను."

రత్తయ్య ఆ మెడవంక ఒక్క క్షణం చూసి గుటక మింగాడు. మామూలుగా అయితే తినాలి. కానీ చుట్టం.

"చుట్టాలొచ్చారు!" అని ఓండ్రపెట్టాడు సత్తిరాజు. చాప పరిచారు. శేషగిరి దానిమీద చుట్ట చుట్టుకుని కూర్చున్నాడు.

"మీ పిల్లలకి ఏం నేర్పమంటారు?"

"ముంగిసనుంచి ఎలా బతకాలో. వీలైతే దాన్ని ఎలా చంపాలో."

"దానికేం భాగ్యం!" అన్నాడు రత్తయ్య పురి విప్పుతూ. "తీగతో కాదు, అసలు సరుకుతోనే చూపిస్తాం. వీరాంజీ, రా నాయనా."

గాడిద ఓండ్ర విని అంకమ్మ వానలో పరుగెత్తుకొచ్చింది. తరగతి మధ్యలో తన కొడుకుని, వాడి ముందు పడగని చూసింది.

"సారూ, నా కొడుకు టీసీ ఇచ్చెయ్యండి! ఇప్పుడే ఇచ్చెయ్యండి!"

"హవ్వ! చుట్టాల ముందు అడిగే మాటేనమ్మా అది?" అని సత్తిరాజు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

శేషగిరి కాటు వేశాడు. వీరాంజీ ఎగిరి తప్పుకున్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ తప్పుకున్నాడు.

"కంగారుపడకండి శేషగిరిగారూ, వేస్తూనే ఉండండి," అన్నాడు రత్తయ్య. "అలిసిపోతుంది."

వీరాంజీ డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాళ్ళు తడబడుతున్నాయి.

"మీరు జాగ్రత్తపడాల్సింది ఒక్కదానికే," అని రత్తయ్య చుట్టానికి వివరించాడు. "కాటు వేసినప్పుడు మీ తల నేలకి ఆనుతుంది చూడండి, అప్పుడు ముంగిస వెనకనుంచి వస్తుంది. పడగ కింద మెడ సన్నబడే చోటుంది కదా, అక్కడ అడ్డంగా పట్టేస్తుంది. పట్టాక ఊపదు, బిగిస్తుంది. ఏమైనా సరే వదలదు."

"ఎక్కడన్నారు? ఇంకోసారి చెప్పండి," అన్నాడు శేషగిరి.

చుట్టం అడిగితే కాదంటారా? రత్తయ్య ఇంకోసారి, నిదానంగా, చోటు చూపించి మరీ చెప్పాడు. శేషగిరి శ్రద్ధగా విన్నాడు. వీరాంజీ అంతకంటే శ్రద్ధగా విన్నాడు.

శేషగిరి కాటు వేశాడు. తల నేలకి ఆనింది. వీరాంజీ వెనకనుంచి వచ్చాడు. పడగ కింద సన్నబడే చోట అడ్డంగా పట్టాడు. ఊపలేదు, బిగించాడు. శేషగిరి కాసేపు కొట్టుకున్నాడు, కాసేపు ఆలోచించాడు, తర్వాత ఆలోచించడం మానేశాడు.

"భేష్," అని రత్తయ్య నోటినుంచి తనకు తెలియకుండానే వచ్చేసింది.

సత్తిరాజు మాత్రం నేలమీద కూలబడి ఏడ్చాడు. "మన గుమ్మంలో, మన చాప మీద కూర్చున్న చుట్టాన్ని, మన పిల్లాడే! ఇక ఈ మొహం ఎవరికి చూపించను!" అని, అప్పటికప్పుడు టీసీ రాసి వీరాంజీ మొహాన కొట్టాడు. ఈ పిల్లాణ్ణి అడవిలో ఏ బడిలోనూ చేర్చుకోరాదని అడుగున గీత గీసి మరీ రాశాడు.

అంకమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. కొడుకుని గుండెకి హత్తుకుని, "పద నాయనా, నీ చదువైపోయింది," అంటూ వానలోకి నడిచింది.

నీతి: బిడ్డకి నాలుగు ముక్కలు రావాలంటే, వాడి బడి చూసిరమ్మని శత్రువుని పంపాలి.