కూరల రాట్నం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదవని మనిషి తానొక్కడేనని తన భార్య నమ్ముతోందని ఉదయ్ కుమార్ నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూసుకోవడానికి అతను చాలా కష్టపడ్డాడు.

భార్యాభర్తలిద్దరూ ఒక ఇంటి మొదటి అంతస్తు కిరాయికి తీసుకుని, పక్క లేడీస్ హాస్టల్లో ఉండే ఇరవై మంది అమ్మాయిలకు రెండు పూటలా వండిపెడతారు. అమ్మాయిలంతా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళే. వంట భార్య మంజులది. కూరగాయలు తరిగే పని ఉదయ్‌ది. తెల్లవారుజామున ఐదింటికి కత్తిపీట ముందు కూర్చుంటే ఏడు దాటేదాకా లేచేది లేదు.

ఒకప్పుడు ఉదయ్ కూడా ఆ పరీక్షలు రాసినవాడే. నాలుగుసార్లు రాశాడు. నాలుగోసారి ఒక్క మార్కుతో పోయినప్పుడు పది రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదకొండో రోజు మంజుల మంచం పక్కన కూర్చుని, అతని చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, ఇంక రాయనని ఒట్టు వేయించుకుంది. ఆ తరువాతే ఈ మెస్సు పెట్టారు.

ఆరేళ్ళు గడిచాయి. ఈసారి నోటిఫికేషన్ రాగానే ఉదయ్ తన పుట్టిన తేదీ లెక్క చూసుకున్నాడు. ఇది దాటితే వయసు దాటిపోతుంది. ఒట్టేమో భార్య నెత్తిమీద ఉంది, వయసేమో తన నెత్తిమీద ఉంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు మొగిలయ్య జిరాక్స్ షాపులో ఫారం నింపాడు.

ఇక కావలసింది పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటలూ కత్తిపీట దగ్గర ఇరుక్కుని ఉన్నాయి.

నారాయణగూడలో ఒక గిన్నెల దుకాణంలో అతనికి ఆ యంత్రం కనబడింది. అడుగున నాలుగు రబ్బరు కాళ్ళు, ఒక పక్క బ్లేడు, ఇంకో పక్క ముళ్ళ చక్రం, చక్రానికి పిడి. కరెంటుతో పని లేదు. ముళ్ళకు క్యారెట్ గుచ్చి పిడి తిప్పితే, అవతలి పక్కనుంచి సన్నటి పోగు చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. దుకాణదారు అర నిమిషంలో క్యారెట్‌ను దారం చేసి చూపించాడు. ఉదయ్‌కు ఆ దారంలో రీడింగ్ హాలు కనబడింది.

"ఏంది గిది?" అంది మంజుల.

"కూరగాయలు కోసే మిషను."

"కోసేటందుకు నువ్వున్నవ్ గద."

"పిల్లలు చదివి చదివి కండ్లు పాడు చేసుకుంటున్నరు. క్యారెట్టు, బీట్రూటు మంచిగ తినాలె. గిట్ల నూడుల్స్ లెక్క ఉంటే ఇష్టంగ తింటరని అందరంటున్నరు."

"అందరు అన్నది నువ్వెన్నడు విన్నవ్?"

ఉదయ్ గంభీరంగా పిడి తిప్పాడు.

మొదటిరోజు మూడు కిలోల క్యారెట్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వాకింగ్‌కు పోతున్నానని చెప్పి, ఇందిరా పార్కు వైపు నాలుగడుగులు వేసి, గల్లీ మలుపులో వెనక్కి తిరిగి చిక్కడపల్లిలో ఒక రీడింగ్ హాలుకు చేరాడు. అశోక్‌నగర్‌లో అడుగుకొక రీడింగ్ హాలు ఉంది. కాని ఏ హాలులో చూసినా తాను తరిగిన కూర తినే అమ్మాయి ఒకతి కూర్చుని ఉంటుంది.

కష్టం వారానికి మొదలైంది. బెండకాయ ఆ యంత్రంలో నిలబడదు. వంకాయ ముద్దవుతుంది. చిక్కుడుకాయను అది లెక్కే చేయదు. దాంతో ఇంటికి క్యారెట్, బీట్రూట్, ఆలుగడ్డ, ముల్లంగి, సొరకాయ తప్ప ఇంకోటి రావడం మానేసింది.

"బెండకాయ తేలేదేంది?"

"ముదిరినయ్."

"వంకాయ?"

"పుచ్చులున్నయ్."

"చిక్కుడుకాయ?"

"ఈ నడుమ మార్కెట్ల వస్తలేదు."

అదే సమయానికి కింద తోపుడుబండి మనిషి చిక్కుడుకాయ, చిక్కుడుకాయ అని కేకేసుకుంటూ పోయాడు. ఇద్దరూ ఆ గొంతు గల్లీ దాటేదాకా ఆగారు.

"మంచిది వస్తలేదు," అన్నాడు ఉదయ్.

అమ్మాయిలు ఆ యంత్రానికి రాట్నం అని పేరు పెట్టారు. ఉదయ్‌ను నేతన్న అనడం మొదలుపెట్టారు. పదో రోజు ముల్లంగి సాంబారు. రాజ్యాంగం పాఠం మిగిలిపోయిందన్న తొందరలో నేతన్న పోగులను తుంచడం మరిచాడు. జయశ్రీ అనే అమ్మాయి సాంబారులో గరిటె ముంచి ఎత్తింది. పోగు లేచింది. గరిటె భుజం దాకా ఎత్తింది, పోగు తెగలేదు. స్టూలు ఎక్కింది. దాని రెండో కొస అప్పటికే అంబిక కంచంలో ఉందని తరువాత తేలింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆకలి మీద ఉన్నారు.

మర్నాడు భోజనాల గది గోడమీద ఒక కాగితం కనబడింది. రాత అంబికది.

"ఈ కింది వాటిలో కూర ఏది? ఎ) నూలు బి) పీచు సి) తాడు డి) సవరం. సోమవారంలోగా జవాబు రాకపోతే మెస్సు మారుస్తాము. ఇట్లు, ఇరవై మంది."

మంజుల దాన్ని రెండుసార్లు చదివింది. ఆ ఇరవై మంది పోతే తమకు ఇంకో దారి లేదు. ఉదయ్ వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకుని శ్రద్ధగా చదివాడు.

"ఇందుల సరైన ఆప్షన్ లేదు," అన్నాడు. "ఈ ప్రశ్న తీసేసి అందరికి మార్కు కలుపాలె."

గదిలో కంచాల చప్పుడు ఆగిపోయింది. మంజుల అతనివైపు నిదానంగా చూసింది.

"గదంత నీకెందుకు?"

"ఊకెనే. న్యాయం చెప్పిన."

మంజుల అమ్మాయిలకు నచ్చజెప్పింది. ఇకనుంచి వారంలో మూడు రోజులే రాట్నం, మిగతా రోజులు కత్తిపీట, పోగులు వేలెడు పొడవుకు మించకూడదు. అమ్మాయిలు ఒప్పుకున్నారు. వాకింగ్ ఎన్ని రోజులో ఎవరూ అడగకపోయినా, ఉదయ్‌కు అవీ మూడే మిగిలాయి.

పరీక్షకు వారం ముందు హాల్ టికెట్ కోసం మొగిలయ్య షాపుకు వెళ్ళాడు.

"అన్నా, ఈడ ఫొటో అంటించాలె, మర్చిపోకు," అన్నాడు మొగిలయ్య. "అక్కకు గూడ నిన్న చెప్పిన."

"ఏ అక్కకు?"

"మంజులక్కకు."

"ఆమె ఎవరి హాల్ టికెట్ తీసుకపోయింది?"

"ఆమెదే."

ఉదయ్ అక్కడే ఉన్న బల్లమీద కూర్చుండిపోయాడు. ఇంటికి వెళ్ళి అడుగుదామంటే, నీకెట్ల తెలుసని ఆమె తిరిగి అడుగుతుంది. ఊరికే ఇంటికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. మంజుల పప్పు కలుపుతూ పెదవులు కదిలిస్తోంది. ఇన్నాళ్ళూ పాట అనుకున్నాడు. చెవి పెట్టి వింటే ప్రాథమిక హక్కులు.

పరీక్ష ఆదివారం. అమ్మాయిలందరికీ అదే పరీక్ష కాబట్టి మెస్సుకు సెలవు. కాచిగూడ పోయి కందిపప్పు తెస్తానని ఉదయ్ సంచి పట్టుకున్నాడు. సంచిలో హాల్ టికెట్, రెండు పెన్నులు ఉన్నాయి.

"ఆగు, నేను గూడ వస్త," అని మంజుల చెప్పులేసుకుంది. "ఇద్దరం ఒక్క ఆటోల పోదాం."

"నువ్వెక్కడికి?"

"నువ్వు పప్పు తెచ్చేకాడికే."

ఆటో గల్లీ దాటాక ఉదయ్ అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫారం నింపిన మర్నాడే. అంబిక తన ఫారం పని మీద పోతే మొగిలయ్య ఆమెకు చెప్పిండు, ఆమె వచ్చి నాకు చెప్పింది. నేను గూడ నింపిన."

"ఒట్టు తప్పిన."

"తప్పినవ్. నాకేమన్న అయితదని ఎన్నడన్న భయపడ్డవా?"

"రోజు భయపడ్డ. పొద్దుగాల నువ్వు లేచి తిరుగుడు చూసినంకనే పోతుంటి."

మంజుల రోడ్డువైపు తిరిగింది.

"నువ్వు మళ్ళ గోడదిక్కు తిరిగి పండుకుంటవని నాకు భయం," అంది. "ఇద్దరం రాస్తె, ఒకరు పండుకున్నా ఒకరన్న వంటకు లేస్తరని రాసిన."

"చదివింది ఎప్పుడు?"

"నీ పోగులు ఐదు నిమిషాలల్ల ఉడుకుతున్నయ్. నువ్వు వాకింగ్ నుంచి వచ్చేదాక అంబిక చదివిపిచ్చింది."

ఫలితాలు వచ్చాయి. మంజుల నంబరు జాబితాలో ఉంది. ఉదయ్‌కు రెండు మార్కులు తక్కువయ్యాయి. ఆ మధ్యాహ్నం అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంజుల పిలవలేదు. తలుపు దగ్గర కూర్చుని ఊరికే చూస్తూ ఉంది. నాలుగింటికి అతనే లేచి మొహం కడుక్కున్నాడు. రాత్రికి ఇరవై మంది తినాలి కదా అన్నాడు.

సర్టిఫికెట్ల పరిశీలనకు ఇచ్చిన ఫారం నింపుతూ, మంజుల 'భర్త వృత్తి' దగ్గర పెన్ను ఆపింది.

"ఏం రాయాలె?"

ఉదయ్ ఆలోచించాడు. "నిరుద్యోగి అని మాత్రం రాయకు."

ఆమె ఏదో రాసింది. ఉదయ్ ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. 'మెస్ యజమాని' అని ఉంది. తన పేరు పక్కన అలాంటి మాట చదవడం అతనికి అదే మొదటిసారి.

"మంచిగుంది."

"మంచిగనే ఉంటది. నేను నౌకరిల చేరినంక తరుగుడు, వండుడు, వడ్డించుడు అన్ని యజమానియే," అంది మంజుల, కింద సంతకం చేస్తూ.

ఉదయ్ కాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి నాకు సెలవు?"

"యజమానికి సెలవెవరిస్తరు?" అని మంజుల ఫారం మడిచి కవరులో పెట్టింది.