గొర్రుకు తగిలిన దేవత

ఆ ఏడు మొదటి వాన పడిన మర్నాడు, పదును ఆరకముందే కొర్రలు వేసేయాలని బాలస్వామి తెల్లవారుతూనే గొర్రు కట్టాడు. కోసిగి నేలల్లో ఆ తడి రెండు పూటలు నిలవదు. అది దాటితే సంసారంతో సహా వలస పోవలసిందే. రెండో సాలులోనే గొర్రు పల్లు ఒక చిన్న కుండకు తగిలింది. అందులో తొమ్మిది వెండి నాణేలు ఉన్నాయి. ఒకవైపు రెక్కల టోపీ పెట్టుకున్న ఆడమనిషి ముఖం, రెండోవైపు ఈటెలు పట్టుకున్న ఇద్దరు రౌతులు.

పక్క చేని గిడ్డమ్మ వచ్చి, చూసి, చెంపలు వేసుకుంది.

"మన సుంకులమ్మే గదప్పా. టోపీ పెట్టుకుంటే మాత్రం గుర్తుపట్టనా?" అంది.

గంటలో ఊరంతా టెంకాయలతో చేనిలోకి దిగింది. తాను చర్చికి పోయేవాడినని, ముందు విత్తనం పడాలని బాలస్వామి మొత్తుకున్నాడు. దేవత అడిగి వెలుస్తుందా అని వాళ్ళు అతన్నే కోప్పడ్డారు. చేసేది లేక భార్య రాహేలమ్మను పంపి పాదిరి దావీదురాజును పిలిపించాడు. ఆయనకు చూపు ఆనదు. విగ్రహాలకు మొక్కడం తప్పని చెప్పబోయి, అసలు అదేమిటో చూద్దామని టెంకాయ చిప్పల మధ్య మోకాళ్ళూని, నాణెం మీదికి తల వంచాడు.

పాదిరే మొక్కాడన్న మాట మూడు ఊళ్ళకు పాకింది. మధ్యాహ్నానికి చర్చివాళ్ళు కూడా వచ్చి వరుసలో నిలబడ్డారు. చేను కళ్ళంలా గట్టిపడింది.

గుంపు సంగతి విని, కోసిగిలో మకాం వేసిన తాసిల్దారు గుర్రం మీద వచ్చాడు. మద్రాసులో ఇలాంటివి చూసిన మనిషి. ఈమె సముద్రాల అవతలి రోము పట్టణపు దేవత అని, పేరు కూడా రోమా అని, రెండు వేల ఏళ్ళ కిందట వర్తకుల వెంట వచ్చి ఉంటుందని వివరించాడు. బాలస్వామికి ప్రాణం లేచి వచ్చింది. పరాయి దేవత అని తెలిశాక అందరూ ఇళ్ళకు పోతారనుకున్నాడు.

"అంత దూరం నుంచి మనల్ని ఎతుక్కుంటా వచ్చిండాది. ఈడ గుడి కట్టకుండా పంపిస్తామా?" అంది గిడ్డమ్మ.

తాసిల్దారు ఎవరి మాటా వినలేదు. నేలలో దొరికింది సర్కారుదంటూ నాణేలు మూటగట్టుకుని, బాలస్వామి చేతికి రసీదు రాసిచ్చి గుర్రమెక్కాడు. దేవతే పోయాక జనమూ పలచబడ్డారు. ఎవరూ తొక్కని ఒక మూల ఇంకా తడి ఉంది. బాలస్వామి ఎద్దులను అటు మళ్ళించాడు.

"ఆ కాగితం ఏందప్పా?" అంటూ గిడ్డమ్మ దగ్గరికి వచ్చింది.

రసీదు అడుగున స్టాంపు మీద, కిరీటం పెట్టుకున్న రాజుగారి ముఖం ఉంది.

"ఏం లేదక్కా" అని బాలస్వామి దాన్ని నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకున్నాడు.